పదమూడో మెట్టు

హడర్స్‌ఫీల్డ్‌లో బేకరీ పైన అద్దె గది.
మెట్లు పదిహేడు. పదమూడోది ఊగుతుంది.
అందరికీ తెలుసు, ఎవరూ మేకు కొట్టరు.
గ్యాస్ హీటరులో నాణెం వెయ్యాలి.
అది ఎవరి నాణెమన్న దానిమీద కూడా
ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి.

నాలుగు సంఘాలు, తొమ్మిది మందిమి.
మినిట్స్ రాసే పని నాది.
చేతిరాత బావుంటుందని కాదు,
ఏ ముక్కలోనూ లేనని.

ఆసుపత్రి లాండ్రీ వాళ్ళు సమ్మెకు దిగి ఆరు రోజులు.
మేమింకా కరపత్రం మొదటి వాక్యం దగ్గరే ఉన్నాం:
'కార్మికవర్గం' అందామా, 'పనిచేసే జనం' అందామా.
కాలమ్ సైక్స్‌కి ఇరవై మూడేళ్ళు, గడ్డం ఇంకా నిండలేదు.
ఇప్పుడు పటంలోనే లేని ఏదో దేశంలో
ఎప్పుడో జరిగిన తప్పుకి
ఎవర్టన్ లాష్లీని సంజాయిషీ అడుగుతాడు.
ఎవర్టన్ టోపీ తీసి మోకాలికి తగిలించి
"నాయనా, ఆ ఏడు నేను మాంచెస్టర్ రోడ్డు మీద
బస్సు నడుపుతున్నాను" అంటాడు.
నవ్వినవాళ్ళు ఇద్దరు. అలిగినవాళ్ళు నలుగురు.
'చర్చ జరిగింది' అని రాశాను.

నాకీ గది కొత్తేం కాదు.
కొత్తగూడెంలో మా ఇంట్లో ఒకే దండెం మీద
రెండు ఎర్రజెండాలు ఆరేవి.
పార్టీ చీలిన ఏడు మా నాయనా బాబాయీ మాటలు మానేశారు.
పదకొండేళ్ళు, మధ్యలో మా అమ్మ.
"నీ మరిదిని ఆ ఉప్పు ఇటివ్వమను."
"వదినా, అది ఆయన చేతికందే దూరంలోనే ఉందని చెప్పు."
గనిలో కప్పు కూలిన రోజు మాత్రం
ఒకే తట్టకు చెరో పక్కా పట్టారు.
పైకొచ్చాక మళ్ళీ మాట్లాడుకోలేదు.
తట్ట సంగతి అందరూ చెబుతారు,
ఈ ఆఖరి ముక్క ఎవరూ చెప్పరు.

ఎనిమిదింపావుకి పదమూడో మెట్టు కిర్రుమంది.
డోరీన్ హేగ్. లాండ్రీలో ఇరవై రెండేళ్ళు.
ఆవిరికి ఉడికిన చేతులు,
గోళ్ళ చుట్టూ తెల్లగా నానిన చర్మం.
కుర్చీ చూపించినా కూర్చోలేదు.
"వ్యాను ఎవరికుంది?" అంది.
ఏ సంఘం వాళ్ళకి అని కాదు. ఎవరికి అని.
"రాత్రి వానకి కట్టెలన్నీ తడిశాయి.
నాలుగున్నరకల్లా గేటు దగ్గర డ్రమ్ము వెలగాలి.
పొద్దున షిఫ్టులో ఇద్దరు చంటిపిల్లల తల్లులు."

అందరం ఎవరి బూట్ల వంక వాళ్ళం చూసుకున్నాం.
ముందు లేచింది జగీర్ కౌర్,
మిగతా అందర్నీ ఎన్నికల తోకలని తిట్టే మనిషి.
"మా మరిది షెడ్డులో పాత ప్యాలెట్లున్నాయి."
"రంపం నేను తెస్తాను," ఎవర్టన్.
కాలమ్ వ్యాను తాళాలు బల్లమీద పెట్టాడు.
పెట్టి, "మీతో ఏకీభవించినట్టు కాదు" అన్నాడు.
"కట్టెలు నిన్నేమీ అడగవులే" అంది డోరీన్.

తెల్లవారుజాము. మంచు కాదు, వాన కాదు,
ఈ ఊరికే సొంతమైన తడి.
ప్యాలెట్‌కి చెరో కొసనా ఎవర్టన్, కాలమ్.
మేకులు ఊడబెరికి
ముసలాయన కోటు జేబులో వేసుకుంటున్నాడు,
దేన్నీ పారేయని అలవాటు.
డ్రమ్ము చుట్టూ నిలబడి దగ్గాం.
పొగకి పక్షం లేదని రాద్దామనుకున్నాను,
కానీ అబద్ధం. గాలి ఎటుంటే పొగ అటే.
కాకపోతే కళ్ళు మండినవాడికి
పక్కవాడు జరిగి చోటిచ్చాడు.
ఒక తల్లి బిడ్డను మంట వైపు తిప్పి ఎత్తుకుంది.
అప్పుడు మాత్రం కాసేపు
ఎవరం ఏమీ అనలేదు.

మళ్ళీ గురువారం.
మెట్లెక్కుతున్నాను. పదమూడోది ఊగలేదు.
కొసన పాత మేకు, కాస్త వంకరగా.
కిర్రుమనడం మాత్రం మానలేదు.
పైన అప్పుడే గొంతులు లేచాయి:
కరపత్రం, మొదటి వాక్యం.
పుస్తకం తెరిచి
తేదీ వేశాను.